48 గంటల సజా

ఉర్దూ మీడియం బడిలో మాకు జాగ్రత్తగా వేరుచేసి నేర్పిన మాటలు రెండున్నాయి: ముల్జిమ్, ముజ్రిమ్. ఇల్జామ్ మోస్తున్నవాడు ముల్జిమ్. జుర్మ్ రుజువైనవాడు ముజ్రిమ్. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే ఉస్తాద్ ఊరుకునేవారు కాదు. తెలుగు డిగ్రీలో చేరాక ఇంకో వింత చూశాను. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు! మాట అదే, అదాలత్‌లో మనిషి మాత్రం ఆ పక్క నుంచి ఈ పక్కకి వచ్చేశాడు.

మాటల సంగతి సరే, నౌకరీ సంగతికి వద్దాం. డ్యూటీ అయిపోయాక, ఆఫీసు బయట, ఒక ఉద్యోగి ఏదో నేరం చేశాడని పోలీసులు కేసు రాశారు. ఫైసలా ఇంకా రాలేదు. ఈలోగా నౌకరీ ఇచ్చినవాళ్లు అతని మీద చర్య తీసుకోవచ్చా?

సర్కారీ ఉద్యోగుల విషయంలో మన రాష్ట్రంలో రూల్ స్పష్టంగానే ఉంది. 1991 నాటి సివిల్ సర్వీసుల సీసీఏ రూల్స్‌లో 8వ రూల్ ప్రకారం 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే చాలు, అరెస్టయిన రోజు నుంచే సస్పెండైనట్టు లెక్క. కేసు ఏమిటి, అతని పనికీ ఆ కేసుకీ సంబంధం ఉందా అని రూల్ అడగదు. దొంగతనమైనా, పొలం గట్టు తగాదా అయినా, రోడ్డు మీద ధర్నా అయినా ఆ 48 గంటలే. శుక్రవారం సాయంత్రం అరెస్టు చేసి శనివారం రిమాండ్‌కి పంపితే జమానత్ పిటిషన్ సోమవారం దాకా కదలడం ముష్కిల్. అంటే ఒక టీచరు నౌకరీ మీద మొదటి హుకుం వేసేది డీఈవో కాదు, ఏ రోజు జీపెక్కించాలో చూసుకున్న ఎస్సై.

ఇది ఊహకి చెబుతున్న మాట కాదు. నౌపడ ఉప్పు మడులకి దగ్గర్లోనే కాకరాపల్లి ఉంది. థర్మల్ ప్లాంటు వద్దని అక్కడి జనం తిరగబడితే 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అంతకుముందు 2010 జులై 14న సోంపేట బీల కోసం కూడా అదే. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే! రెండు చోట్లా వందల మంది మీద కేసులు. అలాంటి ఎఫ్ఐఆర్‌లు చదివినవాళ్లకి తెలుసు, కొన్ని పేర్లు రాసి చివర 'మరికొందరు' అని పెడతారు. ఆ మరికొందరిలోకి తర్వాత ఎవరినైనా చేర్చవచ్చు. చట్టవిరుద్ధంగా గుమిగూడారనే సెక్షన్ పడితే రాయి విసిరినవాడూ, చూడ్డానికి వచ్చినవాడూ ఒకే వరసలో నిలబడాలి. ఆ ఊళ్లలో ఒక లైన్‌మన్నో, అంగన్‌వాడీ టీచరమ్మో, రైల్వే గ్యాంగ్‌మన్నో ఉంటే, సాయంత్రం ఇంటికొచ్చి తన ఊరి గుంపులో నిలబడితే, వాళ్ల తన్ఖా సంగతేమిటి?

తన్ఖా అంటే ఉర్దూలో జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. సస్పెన్షన్‌లో ఈ రెండూ ఒకటైపోతాయి. సుమారు సగం జీతం జీవనభృతిగా ఇచ్చి మిగతాది పట్టి ఉంచుతారు. సస్పెన్షన్ సజా కాదని సర్వీసు పుస్తకాలు అంటాయి. కిరాణా కొట్టు బాకీ, పిల్లల ఫీజు, ఊళ్లో ఇజ్జత్ వేరే మాట చెబుతాయి.

మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసిన కోలార్ బంగారు గనుల్లో కెప్టెన్ పాల్ ఆంథొనీ కేసు కార్మిక వకీళ్లందరికీ కంఠతా వచ్చు. ఆయన సెక్యూరిటీ ఆఫీసర్. 1985 జూన్ 2న ఇంట్లో పోలీసు సోదా జరిగింది, చిన్న బంగారు ముద్ద, బంగారం కలిసిన ఇసుక దొరికాయన్నారు. మర్నాడే సస్పెన్షన్. జీవనభృతి ఇవ్వలేదు. ఆయన రాలేకపోయినా విచారణ నడిపించి 1986లో నౌకరీ తీసేశారు. 1987లో క్రిమినల్ కోర్టు సోదానే నమ్మలేనని బరీ చేసింది. అయినా కంపెనీ ఒప్పుకోలేదు. 1999లో సుప్రీంకోర్టు బకాయిలతో సహా తిరిగి తీసుకోమంది. 14 ఏళ్లు! ఇంకో రెండేళ్లకి ఆ గనే మూతపడింది.

మరి ఆడపిల్లని వేధించాడని కేసున్న టీచరు రేపు ఉదయం క్లాసులోకి వెళ్లాలా అని మీరు అడుగుతారు. వెళ్లకూడదు. తాగి బండి నడిపి మనిషిని గుద్దాడన్న డ్రైవరు చేతికి మర్నాడు స్కూలు బస్సు తాళం ఇవ్వకూడదు. కింది ఉద్యోగినిని ఇంటికి పిలిపించుకున్నాడన్న ఆఫీసరు ఆమె సెలవు కాగితం మీద సంతకం పెట్టే కుర్చీలో ఉండకూడదు. ఇక్కడ ఇల్జామ్‌కీ పనికీ నేరుగా ముడి ఉంది, ఎదురుగా ఇంకొకరి భద్రత ఉంది. ముల్జిమ్ హక్కుల పేరు చెప్పి ఫిర్యాదు చేసిన అమ్మాయిని అదే వరండాలో నడిపించడం ఇన్సాఫ్ కాదు. మా మొహల్లాల్లోనూ, మీ వీధుల్లోనూ ఈ నెపంతో పెద్దమనుషుల్ని కాపాడిన కథలు తక్కువేం లేవు.

కానీ పక్కకి తప్పించడం వేరు, ఆకలికి వదిలేయడం వేరు. పూర్తి జీతంతో వేరే పనికి మార్చవచ్చు. పనికి సంబంధించిన సంగతైతే ఆఫీసు తన విచారణ తాను చేసుకోవచ్చు, కోర్టు కోసం పదేళ్లు ఆగనక్కర్లేదు. భార్యని కొట్టాడన్న గుమాస్తా విషయంలో నా మనసు కూడా రెండుగా చీలుతుంది. అతని మీద కోపం ఉంది. ఆ సగం జీతం కోత పడేది ఆమె వంటింట్లోనే కదా అన్న ఆలోచనా ఉంది.

ప్రైవేటులో ఈ మాత్రం కాగితం కూడా లేదు. పెద్ద కార్ఖానాలకి స్టాండింగ్ ఆర్డర్లున్నాయి. వాటిలో రాసిన దుష్ప్రవర్తన కార్ఖానా లోపలో, దాని పరిసరాల్లోనో జరిగి ఉండాలని 1980ల్లోనే గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పలాస జీడి కార్ఖానాలో కిలోల లెక్కన పప్పు వలిచే అమ్మకి ఈ తీర్పు ఎవరు చదివి చెబుతారు? ఆమె కొడుకుని స్టేషన్‌కి పిలిచారని తెలిస్తే చాలు, మాలిక్ గుమాస్తాతో 'రేపట్నుంచి రావొద్దు' అనిపిస్తాడు. సస్పెన్షన్ ఆర్డరు లేదు, జీవనభృతి లేదు, అప్పీలు లేదు.

షక్ ఎంత దూరం వెంటపడుతుందో మక్కా మసీదు చూపించింది. 2007 మే 18 పేలుడు తర్వాత పట్టుకెళ్లిన హైదరాబాదీ కుర్రాళ్లు బేకసూర్‌లని తేలాక సర్కార్ పరిహారం ఇచ్చింది, మంచి నడవడి సర్టిఫికెట్లూ ఇచ్చింది. పరిహారం జీవోని 2013లో హైకోర్టు కొట్టేసింది. నిర్దోషి అని కోర్టు చెప్పాక కూడా నౌకరీ అడగడానికి చేతిలో ఇంకో సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది చూడండి. మిగతా పౌరులెవరికీ అలాంటి కాగితం అక్కర్లేదు.

సినిమాల్లో జడ్జి 'బాఇజ్జత్ బరీ' అంటాడు. సర్వీసు కేసుల్లో ఆ బాఇజ్జత్‌కి పెద్ద విలువ ఉంది. గవాహీలు తిరగబడో, సంశయలాభం కిందో బయటపడితే, నువ్వు గౌరవంగా బరీ కాలేదు కదా అంటుంది డిపార్ట్‌మెంట్.

చార్జి మెమో ఇవ్వకుండా సస్పెన్షన్‌ని 3 నెలలు దాటించకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు అంది. యూనియన్లు పీఆర్సీ గురించి అడిగినంత గట్టిగా ఆ 48 గంటల రూల్ గురించి అడగడం నేను వినలేదు. ఈసారి టెక్కలిలోనో, పలాసలోనో సమ్మె నోటీసు రాసేటప్పుడు ఒక లైను చేర్చమనండి: కస్టడీ గంటలు లెక్కపెట్టి సస్పెండ్ చేయొద్దు, కేసుకీ పనికీ ఉన్న సంబంధం ఏమిటో ఆర్డర్లో రాసి సంతకం పెట్టండి.