పెచ్చుల వెనక తుప్పు

జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ. జగ్గయ్యపేట సున్నపురాయిని సిమెంటు చేసి లారీలకెత్తే ఫ్యాక్టరీలివి. 65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ వైపు సాగే సిమెంటు లారీలు ఈ ఊళ్లవాళ్లకు కొత్తేం కాదు. పొలం అమ్మిన డబ్బుతో విశాఖలో ఫ్లాటు కొన్నవాళ్లూ ఇక్కడ లేకపోలేదు. కొనేటప్పుడు వాస్తు చూస్తారు, లిఫ్టు చూస్తారు, సముద్రం కనిపిస్తే నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తారు. పిల్లర్ల వయసు మాత్రం అడగరు.

అడగాల్సింది అదే. కాంక్రీటులోని క్షారగుణం ఇనుప ఊచలకు కవచం. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు చెమ్మతో కలిసి ఊచ దాకా చేరిందంటే ఆ కవచం పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, రెండు నుంచి ఆరు రెట్లు. పైనున్న కాంక్రీటును లోపలి నుంచి నెట్టేస్తుంది. స్లాబు పెచ్చులూడేది అందుకే. అప్పుడు మేస్త్రీ వచ్చి సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, రంగేసి వెళ్తాడు. అసోసియేషన్‌ లెక్కల్లో అది మరమ్మతు. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు సున్నపురాయి శిల్పాలు రెండు వేల ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదని మురిసిపోతాం. వాటిలో ఇనుము లేదు మరి!

1978 నాటి భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్‌ 456 ప్రకారం ఆర్‌సీసీకి ఎం15 గ్రేడు కాంక్రీటు కూడా చెల్లేది. 2000లో సవరించి కనీసం ఎం20 ఉండాలన్నారు. తీరపు గాలి నేరుగా తగిలే భాగాలకైతే ఎం30 కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు. అంటే 1980, 90 దశకాల్లో తీరం వెంట లేచిన అపార్ట్‌మెంట్లు పాత కొలతల బిడ్డలు. పైగా విశాఖ భవనాలు 2014లో హుద్‌హుద్‌ తుపాను దెబ్బ కూడా తిన్నాయి. 2023 మార్చిలో అక్కడి రామజోగిపేటలో మూడంతస్తుల ఇల్లు అర్ధరాత్రి దాటాక కూలి ముగ్గురు చనిపోయారు. నాలుగు రోజులు వార్తల్లో నలిగింది, అంతే.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్‌లో సముద్రపు ఒడ్డునున్న 12 అంతస్తుల ఛాంప్లెయిన్‌ టవర్స్‌ సౌత్‌ 1981లో కట్టింది. స్విమ్మింగ్‌పూల్‌ పక్కనున్న స్లాబులోకి నీరు దిగుతోందని, కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజినీరు రాసిచ్చాడు. మరమ్మతుకు కోటిన్నర డాలర్లు. ఎవరి వాటా ఎంతన్న దగ్గర బేరాలు సాగాయి. 2021 జూన్‌ 24 తెల్లవారకముందే సగం భవనం కుప్పకూలి 98 మంది పోయారు. తప్పంతా తుప్పుదే కాదు, డిజైన్‌లోనే బలహీనత ఉందని దర్యాప్తులో తేలింది. ఏళ్లుగా నిలబడి ఉన్న భవనాన్ని కూడా మళ్లీ తెరిచి చూడాలనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? మరుసటి ఏడాదే ఫ్లోరిడా చట్టం తెచ్చింది. మూడంతస్తులు, ఆపైనున్న అపార్ట్‌మెంట్లకు 30 ఏళ్లకు తనిఖీ, తర్వాత పదేళ్లకోసారి. అంత దూరం పోనక్కర్లేదు, 30 ఏళ్లు దాటిన భవనానికి స్థిరత్వ ధ్రువపత్రం ఉండాలని ముంబయి పురపాలక చట్టమే చెబుతోంది.

మన దగ్గర కూలేలా ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించే అధికారం కమిషనర్లకు ఉంది. వానాకాలం ముందు శిథిల భవనాలకు నోటీసులంటిస్తారు. అయితే నోటీసు పడేది కంటికి శిథిలంగా కనిపించిన దానికే. కొత్త రంగేసిన అయిదంతస్తుల మేడను ఎవరు అనుమానిస్తారు?

సముద్రం దూరమని జగ్గయ్యపేట, నందిగామ నిశ్చింతగా ఉండటానికీ లేదు. గాలిలోని కార్బన్‌ డయాక్సైడ్‌ కూడా నెమ్మదిగా ఊచల కవచాన్ని తినేస్తుంది. బాత్‌రూం లీకేజీ దానికి తోడు. పైగా భూకంపాల భయమూ ఉంది. 2020 జనవరి 26 తెల్లవారుజామున సూర్యాపేట జిల్లా చింతలపాలెం దగ్గర 4.6 తీవ్రతతో భూమి కంపిస్తే ఈ ఊళ్లూ ఉలిక్కిపడి లేచాయి.

తీరానికి దగ్గరైతే 20 ఏళ్లకు, మిగతాచోట్ల 30 ఏళ్లకు స్ట్రక్చరల్‌ ఇంజినీరు తనిఖీని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. ఊరికే చూసి సంతకం పెట్టడం కాదు. కాంక్రీటు కోర్‌ తీసి బలం తేల్చాలి, ఊచల తుప్పు కొలవాలి. ఖర్చు ఫ్లాట్ల యజమానులదే, కాబట్టి అసోసియేషన్లు నెలనెలా మెయింటెనెన్స్‌లో కొంత దానికోసం పక్కన పెట్టాలి. పాత ఫ్లాటు చేతులు మారేటప్పుడు సబ్‌రిజిస్ట్రార్‌ ఆఫీసులో ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌ (ఈసీ) పక్కన ఆ నివేదిక కూడా జత చేయమంటే, అమ్మేవాడే ముందుగా ఇంజినీరును పిలుచుకుంటాడు.