కీబోర్డు మీద చెయ్యి వెయ్యొద్దు!

పిల్లాడికి సైకిల్ నేర్పేటప్పుడు వెనక క్యారియర్ పట్టుకుని పరిగెడతాం. అంతేకానీ వాణ్ని దించేసి మనమే ఎక్కి తొక్కం కదా! కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సరిగ్గా అదే చేస్తాం. 'అబ్బా, నీకు రాదుగానీ ఇలా ఇవ్వు' అంటూ మౌస్ లాగేసుకుంటాం. టకటకా నాలుగు మీటలు నొక్కి 'చూశావా, ఇంతే!' అంటాం. పనైతే అయిపోతుంది. నేర్చుకోవాల్సిన మనిషికి మాత్రం ఒక్కటే ఒంటబడుతుంది... 'ఇది నావల్ల కాదు' అని.

వెబ్‌సైట్లు తయారుచేసే ప్రోగ్రామర్లు చాలా నగరాల్లో ఖాళీ దొరికినప్పుడు ఒకచోట చేరి తమకు తెలిసింది నలుగురికీ చెప్పుకుంటుంటారు. మంచి అలవాటే. కానీ అక్కడ మాట్లాడేదంతా పాతకాపుల భాష. కొత్తగా వచ్చినవాళ్లు ఓ మూల కూర్చుని, అర్థంకాని మాటలు విని, మరోసారి ఆ ఛాయలకే రారు. అమ్మాయిల సంఖ్య మరీ తక్కువ. అందుకే 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సారా మే, సారా అలెన్ 'రెయిల్స్‌బ్రిడ్జ్' పేరుతో ఉచితంగా నేర్పడం మొదలుపెట్టారు. ఆ మరుసటేడాది ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో 'రెయిల్స్ గర్ల్స్' వచ్చింది. 2014 జులైలో బెర్లిన్‌లో యూరోపైథాన్ సదస్సు జరిగినప్పుడు ఓలా సితార్స్కా, ఓలా సెండెట్స్కా అనే పోలండ్ అమ్మాయిలిద్దరూ 'జాంగో గర్ల్స్' పెట్టారు.

అన్నట్టు, జాంగో అంటే వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. అది పుట్టింది ఎక్కడో తెలుసా? అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 'లారెన్స్ జర్నల్-వరల్డ్' అనే దినపత్రిక ఆఫీసులో! 2005లో దాన్ని అందరికీ ఇచ్చేశారు. పత్రికలవాళ్లం కాస్త కాలరెగరేసుకోవచ్చు.

జాంగో గర్ల్స్ తరగతిలో వేదిక, ఉపన్యాసం ఉండవు. ముగ్గురు నలుగురికి ఒక కోచ్ చొప్పున బల్లల చుట్టూ కూర్చుంటారు. ముందున్న పాఠం చదువుకుంటూ ఎవరి వేగంతో వాళ్లు తమ సొంత బ్లాగు తయారుచేసుకోవాలి. చాలాచోట్ల ముందురోజు సాయంత్రమే అందరి ల్యాప్‌టాప్‌లలో కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తారు. ఒకరిది పాతది, ఒకరిది ఆఫీసువాళ్లు తాళం వేసి ఇచ్చింది, ఇంకొకరి దాంట్లో చోటే లేదు. ఈ గొడవలన్నీ పాఠం రోజే పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంకా అక్కడే ఉంటారు. తమ మొద్దుతనం వల్లే ఇలా అయిందనీ అనుకుంటారు.

నేర్పేవాళ్లకి ఉండే ముఖ్యమైన నియమం ఒకటే: నేర్చుకునేవాళ్ల కీబోర్డు ముట్టుకోకూడదు. వినడానికి తేలికే. పైథాన్ భాషలో వాక్యాన్ని ఎంత లోపలికి జరిపి రాశామన్నది కూడా లెక్కలోకే వస్తుంది. ఒక్క ఖాళీ ఎక్కువైందా, 'ఇండెంటేషన్ ఎర్రర్' అంటూ ప్రోగ్రాం మొరాయిస్తుంది. తెరమీద నాలుగు ఇంగ్లిషు లైన్లు చూసి కొత్తవాళ్లకి గుండె గుభేల్‌మంటుంది. కోచ్‌కి తప్పెక్కడుందో చిటికెలో తెలిసిపోతుంది. వేళ్లు దురదపెడతాయి. అయినా ఆగాలి. 'చివరి లైన్ ఏమంటోంది? తప్పు ఎన్నో లైన్లో ఉందని రాసింది?' అని అడగాలి. ఆమె చదివి, వెతికి, ఆ ఖాళీని తనే తీసేసేదాకా ఎదురుచూడాలి. రెండోసారి అదే ఎర్రర్ వస్తే ఎవర్నీ పిలవదు.

నోరుజారకూడని మాటలూ ఉన్నాయి. 'ఇది చాలా సింపుల్' అన్నది అందులో మొదటిది. సింపుల్ అన్నాక కూడా అర్థం కాకపోతే ఇక అడగడానికి మొహం చెల్లుతుందా? దానికి బదులు 'నాకూ తెలీదు, కలిసి వెతుకుదాం' అంటే ఆ కోచ్ మీద గౌరవం తగ్గదు, నా లెక్కన పెరుగుతుంది.

మొహమాటానికి ఇంకో చిట్కా ఉంది. శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో మొదలైన 'సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ' తరగతుల్లో ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటుకునే చీటీలు ఇస్తారు. ల్యాప్‌టాప్‌కి ఆకుపచ్చది అంటిస్తే పనైందని, ఎర్రది అంటిస్తే సాయం కావాలని. చెయ్యెత్తి అందరి కళ్లలో పడక్కర్లేదు. పైగా రెండు చేతులూ పనిలోనే ఉంటాయి.

ఒక్కరోజులో ప్రోగ్రామర్లు అయిపోతారా అని వెటకారం చేసేవాళ్లున్నారు. అవరు. ఆ మాట నిర్వాహకులే చెబుతారు. మర్నాటి నుంచి ఒంటరిగా కుస్తీపట్టాల్సిందే, అడగడానికి పక్కన మనిషి లేక వదిలేసేవాళ్లూ ఉంటారు. ఆ దిగువన ఎవరు చెయ్యందిస్తారన్నది తేలకపోతే ఈ పండగంతా ఫొటోలకే పరిమితమవుతుంది. కాకపోతే నిలదొక్కుకున్నవాళ్లలో కొందరు తర్వాత తరగతులకు కోచ్‌లుగా వస్తున్నారు. ఇరవై ఏళ్ల అనుభవమున్న నిపుణుడి కంటే వీళ్లు ఓ రకంగా మెరుగు. ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందో వీళ్లకింకా గుర్తుంటుంది.

ఇక ఆ రోజు సంగతి. బ్రౌజర్‌లో 127.0.0.1:8000 అని కొట్టగానే తెరమీద చిన్న రాకెట్ బొమ్మ వస్తుంది. జాంగో సరిగ్గా పనిచేస్తోందని గుర్తు. అప్పటికింకా అది ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. మరికొన్ని అడుగులు వేసి ఇంటర్నెట్లోకి ఎక్కించాక ఆ బ్లాగుకి సొంత చిరునామా వస్తుంది. ఇంకేముంది, ఫోన్ తీసి ముందు ఇంట్లోవాళ్లకి పంపేస్తారు!