వాళ్లు కిరాయి సైనికులు కారు

రష్యా సైన్యంలో ఇరుక్కున్న మన కుర్రాళ్లను టీవీ చర్చల్లో ఇంకా ‘కిరాయి సైనికులు’ అనే అంటున్నారు. జెనీవా ఒప్పందాలు ఒక్కసారి తిరగేసినా ఆ మాట నోట రాదు. 1977 నాటి మొదటి అదనపు ప్రొటోకాల్ 47వ అధికరణ కిరాయి సైనికుడికి ఆరు లక్షణాలు చెప్పింది. ఆరూ ఉండాలి. పోరాడుతున్న దేశపు సాయుధ దళాల్లో సభ్యుడై ఉండకూడదన్నది అందులో ఒకటి. హెల్పర్ ఉద్యోగమని తీసుకెళ్లి, చదవడం రాని రష్యన్ కాగితం మీద సంతకం పెట్టించి, యూనిఫాం తొడిగారంటే అతను ఆ సైన్యంలో సభ్యుడే. పట్టుబడితే యుద్ధఖైదీయే. 1949 నాటి మూడో ఒప్పందం 4వ అధికరణలో సైనికుడి జాతీయత ప్రస్తావనే లేదు.

అలా ఇరుక్కున్నవారిలో హైదరాబాద్ యువకుడి మరణం, నారాయణపేట యువకుడు తిరిగి రావడం అందరూ రాశారు. 2025 జనవరి 17న విదేశాంగ శాఖ చెప్పిన లెక్కలో మరో సంఖ్య ఉంది. అప్పటికి రష్యా సైన్యంలో ఉన్నట్టు తేలిన 126 మందిలో 16 మంది ఆచూకీ తెలియదని రష్యాయే ఒప్పుకుంది. వాళ్ల ఇళ్ల గతేమిటి? భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు కబురు లేకుంటేనే చనిపోయినట్టు లెక్క. ఆ ఏడేళ్లూ బీమా ప్రీమియం ఆగకూడదని 2004లో ఒక ఎల్‌ఐసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మనిషి జాడ లేదు, సంపాదన లేదు, ప్రీమియం మాత్రం కట్టాలి!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలకు ఈ సెక్షన్ కొత్త కాదు. గల్ఫ్‌కు పోయి జాడ లేకుండాపోయినవాళ్ల కుటుంబాలకూ అడ్డుపడేది ఇదే. 2024 ఫిబ్రవరిలో సిరిసిల్ల ప్రాంతం వాళ్లు దాదాపు 18 ఏళ్ల తర్వాత దుబాయ్ జైలు నుంచి ఇల్లు చేరారు. వాళ్లెక్కడున్నదీ ఇంటివాళ్లకు తెలుసు కాబట్టే అన్నేళ్లు కొట్లాడగలిగారు. జాడే తెలియనప్పుడు ఎవరి మీద కొట్లాడాలి?

ఏడేళ్లు ఆగక తప్పదనేది నిజం కాదు. 2013 కేదార్‌నాథ్ వరదల్లో గల్లంతైనవారికి ప్రత్యేక పద్ధతిలో ముందే మరణ ధ్రువపత్రాలిచ్చారు. కేంద్ర ఉద్యోగి కనిపించకుండాపోతే ఎఫ్‌ఐఆర్ పెట్టిన 6 నెలలకు కుటుంబ పింఛను మొదలవుతుంది. తిరిగొస్తే? అందుకే ముందుగా పూచీ బాండు రాయించుకుంటారు.

పరాయి సైన్యంలో చేరినవాళ్లకు గౌరవమెందుకని అడిగేవాళ్లున్నారు. మోసపోయి వెళ్లినవాళ్లు వీళ్లు. మూడో జెనీవా ఒప్పందం 123వ అధికరణ కింద జెనీవాలోని కేంద్ర అన్వేషణ సంస్థ ఉన్నది యుద్ధఖైదీల వివరాల సేకరణకే. విదేశాంగ శాఖ ఆ 16 పేర్లనూ అక్కడ నమోదు చేయించాలి, ‘యుద్ధంలో ఆచూకీ తెలియనివారు’ అని ఒక్కో ఇంటికీ ధ్రువపత్రం ఇవ్వాలి.