సంతకం లేనిదే బుల్‌డోజర్ కదలదు

నేరారోపణ ఒక్కరిపై, శిక్ష మాత్రం అతని తల్లికి, భార్యకు, బడికి వెళ్లే పిల్లలకు. విచారణ లేదు, వాదన లేదు, తీర్పు లేదు. ఇల్లు మాత్రం నేలమట్టం. కొన్ని రాష్ట్రాల పాలకులు దీనినే సత్వర న్యాయమని చాటుకుంటున్నారు. ఆరోపించేవారూ, తీర్పు చెప్పేవారూ, శిక్ష అమలు చేసేవారూ ఒక్కరే అయినచోట న్యాయస్థానాలకు మిగిలే పని ఏమిటని మేము అడుగుతున్నాము.

2022 ఏప్రిల్ 20న ఢిల్లీలోని జహంగీర్‌పురిలో యథాతథ స్థితిని కొనసాగించాలని సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత కూడా యంత్రాలు గంటకు పైగా ఆగలేదు. 2023 ఆగస్టులో హర్యానాలోని నూహ్‌లో కూల్చివేతలను పంజాబ్, హర్యానా హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించి నిలిపివేసింది. శాంతిభద్రతల సాకుతో ఒక వర్గం ప్రజల భవనాలను కూల్చి, జాతి నిర్మూలనకు పూనుకుంటున్నారా అని ప్రశ్నించింది. ఇంతటి ప్రశ్న వేసింది ఒక రాజ్యాంగ న్యాయస్థానమని పాఠకులు గమనించాలి.

‘అక్రమ కట్టడాలనే తొలగిస్తున్నాము, మతంతో పనిలేదు’ అని ప్రభుత్వాలు అంటాయి. ఏళ్ల తరబడి కనబడని అక్రమం అల్లర్లు జరిగిన మర్నాడే ఎలా కనబడింది? అదే వరుసలో, అదే తీరున ఉన్న పక్క కట్టడం ఎలా మిగిలింది? అక్రమమే నిజమైతే దానికి పురపాలక చట్టాలున్నాయి, వాటికొక క్రమమున్నది. ఆ క్రమాన్ని తప్పించుకోవలసిన అవసరం ఎవరికి, ఎందుకు కలుగుతుంది?

2024 నవంబరు 13న న్యాయమూర్తులు బి.ఆర్. గవాయి, కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చింది. నివాసం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని, నిందితుడనే కారణంతో ఇల్లు కూల్చరాదని తేల్చింది. కారణాలు వివరించే నోటీసు రిజిస్టర్డు తపాలాలో పంపాలి, కట్టడంపై అంటించాలి. అందిన నాటి నుంచి 15 రోజుల గడువివ్వాలి. నోటీసు సంగతి కలెక్టరు కార్యాలయానికి ఈమెయిలు ద్వారా తెలపాలి. యజమాని వాదన స్వయంగా వినాలి. కూల్చివేత తప్ప వేరు మార్గం ఎందుకు లేదో తుది ఉత్తర్వులో చెప్పాలి. ఆ ఉత్తర్వు తరువాత మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. వీటిని ఉల్లంఘించిన అధికారి తన సొంత ఖర్చుతో ఇంటిని పునరుద్ధరించాలి, నష్టపరిహారమూ చెల్లించాలి.

దస్త్రాల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఈ చివరి మాట విలువ తెలుసు. బుల్‌డోజర్ తనంతట తాను కదలదు. దాని వెనుక ఒక దస్త్రం, ఆ దస్త్రంలో ఒక సంతకం ఉంటాయి. ‘పైవారి నోటి మాట’ అని తప్పించుకునే దారిని ఈ తీర్పు మూసివేసింది.

అయినా లోపాలు మిగిలే ఉన్నాయి. రోడ్లు, కాలిబాటలు, రైలు మార్గాల పక్క స్థలాలు, నదులు, చెరువులలోని అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. ఎక్కువమంది పేదలు తలదాచుకునేది అక్కడే. తెలంగాణలో చెరువుల పేరిట హైడ్రా సాగించిన కూల్చివేతల్లో అన్ని మతాల ఇళ్లూ కూలాయి. అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు ఎలా కూల్చారని 2024 సెప్టెంబరులో మన హైకోర్టే నిలదీసింది. కనుక ఇది ఒక్క ముస్లింల గోడు కాదు, తలపై కప్పు ఉన్న ప్రతివారి హక్కు.

మరొక లోపం ఇంకా పెద్దది. 2021లో ప్రయాగ్‌రాజ్‌లో జరిగిన కూల్చివేతలపై 2025 ఏప్రిల్ 1న తీర్పునిస్తూ, బాధిత యజమానులకు తలా 10 లక్షల రూపాయలు చెల్లించమని సుప్రీంకోర్టు అక్కడి అభివృద్ధి ప్రాధికార సంస్థను ఆదేశించింది. స్వాగతించవలసిన తీర్పే. కాని సంస్థ ఖజానా ప్రజల ఖజానా. సంతకం చేసిన చేతి నుంచి రూపాయి రాలనంతకాలం మరో సంతకానికి భయమెందుకుంటుంది?

అందుచేత మన కుటుంబాలకు, కార్యకర్తలకు మా మనవి ఇది. ఇంటి పత్రాలు, పన్ను రశీదులు, విద్యుత్ బిల్లుల నకళ్లు వేరొక చోట కూడా భద్రపరచండి. నోటీసు వస్తే తేదీ వేయండి, గడువులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వండి, ముట్టినట్లు ముద్ర వేయించుకోండి. నోటీసు లేకుండా వచ్చినవారిని ఉత్తర్వు చూపమని, దానిపై సంతకం ఎవరిదని అడగండి. కాళ్లు పట్టుకొని దయ కోరవలసిన పని లేదు. మనం అడిగేది అత్యున్నత న్యాయస్థానం ఇదివరకే ఇచ్చిన హక్కును.