నిజమే అయినా పంచకండి

చెన్నైలో ఇళ్లు, హాస్టళ్లు అద్దెకిస్తున్న తెలుగువారికి, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు ఈ విజ్ఞప్తి.

నెల్లూరు, చిత్తూరు, కడప వైపు నుంచి ఉద్యోగాలకూ చదువులకూ వచ్చిన పిల్లలు వేళచ్చేరిలో, పెరుంగుడిలో, షోళింగనల్లూరులో మన ఇళ్లలోనే ఉంటున్నారు. అడ్వాన్స్‌తో పాటు ఆధార్ నకలు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు మన చేతిలో పెడుతున్నారు. ఆ నకలు అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఎక్కుతుంది. ఫలానా ఫ్లాట్ అమ్మాయి అర్ధరాత్రి ఎవరితో వచ్చిందో సీసీ కెమెరా క్లిప్ తిరుగుతుంది. ఉంగరం కనబడకపోతే పనిమనిషి ఫొటో పది గ్రూపులకు పోతుంది. ఇదేమిటని అడిగితే ఒకటే జవాబు: "ఉన్నదే కదండీ పెట్టాం!"

ఆ జవాబు చెల్లదని సుప్రీంకోర్టు 1994 అక్టోబరు 7నే చెప్పింది. ఆ కేసు పుట్టింది ఈ ఊళ్లోనే. ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను నక్కీరన్ పత్రిక వేయబోతే జైళ్ల అధికారులు అడ్డుపడ్డారు. ప్రచురణను ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని కోర్టు తేల్చింది. అంతటితో ఆగలేదు. తన జీవితం, కుటుంబం, పెళ్లి, పిల్లలు, చదువు వంటి సంగతుల గోప్యతను కాపాడుకునే హక్కు ప్రతి పౌరుడికీ రాజ్యాంగం 21వ అధికరణంలోనే ఉందని, అవి నిజమైనా అబద్ధమైనా సమ్మతి లేకుండా ఎవరూ ప్రచురించరాదని చెప్పింది. పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని దాటి రాయాలంటే ఆ ఖైదీ సమ్మతి కూడా కావాల్సిందే. ఉరికంబం ముందున్న మనిషికి ఉన్న ఆ హక్కు మన మూడో అంతస్తు అమ్మాయికి లేదా?

ఆ తీర్పు రాసినవారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మన తెలుగువారు. అంతకు ముందు, 1962లో ఖడక్ సింగ్ కేసులో, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని మెజారిటీతో విభేదించి రాసిన కోకా సుబ్బారావు గారూ తెలుగువారే. ఇక్కడి హైకోర్టులో జడ్జీగా పనిచేశారు. ఆయన మాటే సరైనదని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. యాభై నాలుగేళ్లు పట్టింది.

ప్రభుత్వం హద్దు మీరితే కోర్టుకు వెళ్లొచ్చు. పక్కింటివాళ్ల ఫోన్ మీద రోజూ కోర్టుకెక్కలేం. ఒక క్లిప్ ఊరికి చేరితే ఉద్యోగం మానిపించి కూతుర్ని ఇంటికి తీసుకుపోయే తండ్రులు మనలో ఎందరో ఉన్నారు. దొంగతనం అంటగట్టిన పనిమనిషికి ఆ వీధిలో మళ్లీ పని దొరకదు. తర్వాత ఉంగరం బీరువా కింద దొరికినా ఆ ఫొటోను వెనక్కి పిలవలేం.

కాబట్టి అడుగుతున్నాను. నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. పోలీసులు వివరాలు కోరితే పోలీసులకే ఇవ్వండి. ఇల్లు ఖాళీ చేసిన రోజే నకలు చించేయండి. కెమెరా రికార్డింగు ఫిర్యాదు ఉన్నప్పుడే తెరవండి. అనుమానం ఉంటే స్టేషన్‌కు వెళ్లండి, గ్రూపుకు కాదు. పదవుల్లో ఉన్నవారి అధికార పనుల మీద రాయడానికి, నిలదీయడానికి 1994 తీర్పు దారి తెరిచే ఉంచింది. ఆ ప్రశ్నలు మానకండి.

వచ్చే సంఘం సమావేశంలో ఈ సంగతి ఎత్తండి. మీ గ్రూపులో ఇప్పటికే ఉన్న ఆధార్ నకళ్లను, క్లిప్‌లను ఈరోజే తీసేయించండి.