రేడియేటర్లో నీళ్ళు పోస్తే చాలదా?

మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు నాన్నగారి ముంజేతికి కట్టు చూసి హడిలిపోయాను. రాజమండ్రి నుంచి కోరుకొండ వస్తుంటే దారిలో కారు వేడెక్కి పొగలు కక్కిందట. ఈయన దిగి, బానెట్ ఎత్తి, తువ్వాలు అడ్డం పెట్టుకుని రేడియేటర్ మూత తిప్పారు. మరిగే నీళ్ళు చెయ్యి మీదకి ఎగదన్నాయి. మొహం మీద పడలేదు, అంతే మా అదృష్టం. "మెషీనుకి దాహమేస్తే నీళ్ళు పొయ్యక ఏం చేస్తార్రా" అని నన్నే అడిగారు.

తప్పు ఆయనది కాదు. నిజం చెప్పాలంటే చాలావరకు నాది. రెండేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఊరెళ్ళి, సీసాలో మట్టం తగ్గిందని చూసి, పెరట్లో బోరు నీళ్ళు పోసి తిరిగి బెంగుళూరు వచ్చేసింది నేనే. మట్టం ఎందుకు తగ్గుతోందని ఒక్కసారీ అడగలేదు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ పడిపోయినప్పుడల్లా రీస్టార్ట్ కొట్టి టికెట్ మూసేశానన్నమాట :)

సన్నటి లీకే కదా, ఓ గ్లాసుడు నీళ్ళే కదా పోయేది అనుకుంటాం. పోయేది నీళ్ళొక్కటే కాదండీ, ఒత్తిడి కూడా. ఆ మూత 1.1 కిలోల ఒత్తిడి పట్టి ఉంచితే మామూలు నీళ్ళు సైతం 120 డిగ్రీల దాకా మరగవు. కుక్కర్ సూత్రమే. లీకు పడితే ఆ ఒత్తిడి నిలవదు, 100 దగ్గరే మరగడం మొదలు. మేలో రాజమండ్రి ఎండ 45 దగ్గరికి పోతుంటే, ఏసీ వేసుకుని నడిపే బండికి ఆ 20 డిగ్రీలే ప్రాణం. ఒత్తిడి ఇంకా మిగిలుండగా మూత తీస్తే, 100 దాటి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్ముతాయి. నాన్నగారికి జరిగింది అదే. అరగంట ఆగి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే మూత ముట్టుకోవాలి.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసికెళ్ళాం. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ కలిసేచోట తెల్లగా సున్నంలా గూడు కట్టింది. అక్కడే కారుతోంది. "పసుపు వేసేద్దాం సార్, పట్టేస్తది" అన్నాడు. పసుపు చిట్కా మా ఊళ్ళోనే కాదు, దేశమంతా ఉంది. దారిలో ఆగిపోతే ఇంటికి చేర్చడానికి పనికొస్తుందేమో గానీ, కన్నాన్ని మూసే పసుపు పక్కనున్న సన్నటి గొట్టాల్నీ మూస్తుంది. పాత అంబాసిడర్ల రోజుల్లో ఇత్తడి, రాగి రేడియేటర్లకి మాటు వేసి ఏళ్ళ తరబడి తిప్పేవారు. ఇప్పటి ప్లాస్టిక్ అంచుకి మాటు పడదు. మార్చేద్దాం అన్నాను.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. "కూలెంట్ ఎందుకండీ బాబూ, మనకేవన్నా మంచు పడుద్దేటి? మంచినీళ్ళు పోసేద్దాం" అన్నాడు. నవ్వుకోకండి, అతని లాజిక్కులో సగం కరెక్టే. వేడిని మోసుకెళ్ళడంలో గ్లైకాల్ కన్నా నీళ్ళే మెరుగు. కోరుకొండలో గడ్డకట్టే బాధా లేదు. కానీ కూలెంట్ డబ్బాలో మనం కొనేది చల్లదనాన్ని కాదు, తుప్పు పట్టకుండా ఆపే మందుల్ని. ఆ మందులు లేకపోతే అల్యూమినియం లోపల్నించి తినేసుకుంటుంది, బోరు నీళ్ళలో కాల్షియం గిన్నె అడుగున కట్టినట్టే ఇంజన్లోనూ పొర కడుతుంది. పైగా సగం గ్లైకాల్ కలిపితే మరిగే ఉష్ణోగ్రత మరో ఏడెనిమిది డిగ్రీలు పెరుగుతుంది.

సరే ఒప్పుకున్నాడు. పచ్చ డబ్బా తెచ్చాడు. "పచ్చది పచ్చదే కదండీ." నేనూ అంతకుముందు దాకా అలాగే అనుకునేవాణ్ణి. రంగు ఉత్త రంగే, ఏ కంపెనీ ఇష్టం దానిది. టయోటా గులాబీ రంగులో ఫాస్ఫేట్లు ఉంటాయి. వోక్స్‌వ్యాగన్ జీ12 కూడా గులాబీయే, అందులో ఫాస్ఫేట్లు ఉండవు. యూరప్‌లో నీళ్ళు కఠినం, కాల్షియంతో ఫాస్ఫేట్ కలిస్తే మడ్డి కడుతుందని వాళ్ళ భయం. జపాను వాళ్ళేమో సిలికేట్లు నీటి పంపు సీలుని అరగదీస్తాయని వాటిని దూరం పెట్టారు. రంగు చూసి పొయ్యడమంటే వేరియబుల్ పేరు చూసి టైపు ఊహించడం లాంటిది. కారుతో వచ్చిన పుస్తకం ఎవరూ తెరవరు గానీ, అందులో ఏది పొయ్యాలో ఒక్క లైన్లో రాసే ఉంటుంది. మాది చదివి, అదే తెప్పించాను. రాజమండ్రి నుంచి రావడానికి ఒక పూట పట్టింది.

ఇంకో చిన్న మాట. పాతదంతా కడిగేశాక కూడా ఇంజను కడుపులో లీటరు పైచిలుకు నీళ్ళు మిగిలిపోతాయి. దాని మీద సగంసగం కలిపిన రెడీమేడ్ డబ్బా పోస్తే మొత్తం పలచబడిపోతుంది. అందుకని నీళ్ళు కలపనిది కొని, ముందు లెక్క ప్రకారం అది పోసి, మిగతాది బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో నింపాం. మూత తీసి, హీటర్ ఆన్ చేసి, ఫ్యాను తిరిగేదాకా ఇంజను నడిపితే బుడగలు బయటికొచ్చాయి. ఏ రకం పోశామో, ఏ తేదీన పోశామో ఓ కాగితం మీద రాసి సీసా పక్కనే అతికించా. మెకానిక్ దాన్ని రెండుసార్లు చదివి, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

పాత కూలెంట్‌ని మాత్రం కాలవలో పొయ్యబోతే ఆపాను. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కిడ్నీలు పోతాయి. డబ్బాలో పట్టి, మూత బిగించి పైన పెట్టించా. ఇంటికొచ్చి చూద్దును కదా, కొత్త కూలెంట్ తాలూకు ఖాళీ డబ్బా అమ్మ శుభ్రంగా కడిగి గట్టు మీద బోర్లించింది. "గట్టిదిరా, మజ్జిగ పట్టికెళ్ళడానికి బావుంటుంది" అంది. కత్తిపీట తెచ్చి అడుగు కోసేశాను. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.