ఇటుకలు కళ్లెదుటే ఉండగా

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. ఎక్కి చూస్తే బౌద్ధ స్తూపాల ఇటుకల పునాదులు. అందులో ఒకటి అచ్చం బండిచక్రమే: నడిమి నుంచి అంచు దాకా ఆకులు పరిచినట్టు గోడలు. పైన ఉండాల్సిన గుండ్రటి అండం మాత్రం లేదు. స్తూపం ఎలా ఉండేదని పిల్లలడిగితే పెద్దలు గాల్లో చేతులు తిప్పి చూపించాల్సిందే. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఈ చోటును లోకం దృష్టికి తెచ్చారు. నూరేళ్లు దాటినా ఇంకా గాల్లోనే గీసుకుంటున్నాం.

ఇలాంటి చోట వర్చువల్ రియాలిటీ పెట్టాలనే వాళ్లున్నారు. వాళ్ల తపన మంచిదే. కానీ శాలిహుండానికి కావలసింది అది కాదు, ఆగ్మెంటెడ్ రియాలిటీ. వర్చువల్ రియాలిటీలో కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుంటే కొండ మాయమవుతుంది. రెండు కళ్లకూ రెండు బొమ్మలు, తల ఎటు తిప్పితే అటు తిరిగే లోకం, అంతా కంప్యూటర్ గీసిందే. దానికి కొండ ఎక్కడం దేనికి, శ్రీకాకుళంలో ఓ గదిలో కూర్చుంటే చాలదా? ఆగ్మెంటెడ్ రియాలిటీ అలా కాదు. ఫోన్ ఎత్తి పట్టుకుంటే కెమెరా ఆ ఇటుకల్ని గుర్తుపట్టి సరిగ్గా వాటి మీదే అండాన్ని నిలబెడుతుంది. పక్కన నది, నెత్తిన ఎండ, తోడొచ్చిన మనుషులు ఎక్కడివాళ్లక్కడే. 2016లో పోకెమాన్ గో ఆడిన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు.

ఈ రెండూ కానిది మరొకటుంది, 360 డిగ్రీల వీడియో. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. జనం మధ్య అలాంటి కెమెరా పెడితే, చూసేవాడు తలెత్తి మాను కొసన కూర్చున్న పూజారిని చూడొచ్చు, వెనక్కి తిరిగి జనాన్ని చూడొచ్చు. ఒక్క అడుగు ముందుకు మాత్రం వేయలేడు. కెమెరా ఉన్న చోటే అతని చోటు. అయినా సెలవు దొరక్క హైదరాబాద్‌లోనో చెన్నైలోనో భవనాల పనిలో ఉండిపోయిన మనవాళ్లకు అది తక్కువేం కాదు. తప్పక చేయాలి.

వర్చువల్ రియాలిటీకి తగిన చోటు బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు చుట్టుముట్టిన ఆ కోట ఇప్పుడు లేదు. ఫోన్ పట్టుకుని చూడటానికి గోడలేవి? కోటంతా కొత్తగా కట్టి చూపించాల్సిందే. నా భయమూ అక్కడే. బురుజు ఎత్తు తప్పు గీసినా, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడికి సినిమా వేషం వేసినా, హెడ్‌సెట్ లోపల కాదనేవాడు లేడు. పిల్లలు, ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న ఆ రోజును పాయింట్లు కొట్టే ఆటగా మార్చినా అంతే. శాలిహుండంలో అలా కుదరదు. అండం వెడల్పు తప్పితే పునాది దాటి బయటికొస్తుంది, చూసిన పదేళ్ల పిల్లాడే పట్టేస్తాడు.

అక్కడా ఊహ ఉంటుంది, కాదనను. అండం ఎంత ఎత్తుండేదో, పైన ఛత్రం ఎలా ఉండేదో పునాది చెప్పదు. తవ్వకాల్లో దొరికిన దానికి ఒక రంగు, ఊహించిన దానికి వేరే రంగు వేయాలి. ఏది ఆధారం, ఏది ఊహ అన్నది చూసేవాడికి తెలియాలని వారసత్వ చిత్రణపై 2009 నాటి లండన్ చార్టర్ కూడా కోరుతోంది. హెడ్‌సెట్లు కొని, చెడిపోతే బీరువాలో పెట్టి తాళం వేసే ఖర్చు ఆగ్మెంటెడ్ రియాలిటీకి అక్కర్లేదు, ఫోన్లు జనం జేబుల్లోనే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండకు స్క్రీన్ కనిపించదు కాబట్టి పునాదుల పక్కన కాస్త నీడ వేయాలి. కొండ దిగువనే వైఫై పెట్టి, యాప్‌ను అక్కడే దించుకోనివ్వాలి. సిగ్నల్ లేకపోయినా అది పైన పనిచేయాలి. అందులో మాటలు గిడుగువారు కోరిన వాడుక తెలుగులోనే ఉండాలి.